మొరాకో కొండ ఇంట్లో ఒకే పళ్లెం చుట్టూ

శ్రోతలకు నమస్కారం. మొరాకోలో హై అట్లాస్ కొండల మీద ఒక అమజీగ్ కుటుంబం ఇంట్లో రెండు రోజులు ఉండాలంటే ఏం తెలిసి ఉండాలో చెప్పుకుందాం. బయటివాళ్లు వీళ్లని బెర్బర్లు అంటారు. వాళ్లు మాత్రం తమను ఇమాజిగెన్ అని చెప్పుకుంటారు. 2011 రాజ్యాంగంతో వాళ్ల భాషకు అధికార హోదా వచ్చింది. పలకరింపు 'అజుల్', కృతజ్ఞత చెప్పాలంటే 'తన్మిర్త్'. ఈ రెండూ వస్తే సగం మొహమాటం పోతుంది.

మరాకేష్ నగరం నుంచి, ఈ కొండ ఊళ్లకు దారి మొదలయ్యే ఇమ్లిల్ గ్రామం 60 కిలోమీటర్ల పైచిలుకు. దారిలోని అస్ని ఊరి దాకా షేర్ టాక్సీలో వెళ్లి, అక్కడ ఇంకొకటి ఎక్కాలి. ఇమ్లిల్ 1740 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ పైన చాలా ఊళ్లకు నడకే. సామాను కంచరగాడిద మోస్తుంది. చక్రాల సూట్‌కేసు కట్టడానికి కుదరదు, మెత్తని సంచీ తీసుకెళ్లండి. డబ్బు మరాకేష్‌లోనే చిన్న నోట్లుగా మార్చుకోండి.

చేతిలో ఏం పట్టుకెళ్లాలి? నీలం కాగితం చుట్టిన చక్కెర దిమ్మ. గోపురంలా ఉంటుంది, 2 కిలోలు. పెళ్లికీ, చావు పరామర్శకూ అక్కడ అదే ఇస్తారు.

ఆ చక్కెర పగిలేది టీ కోసమే. ఉండలు చుట్టిన చైనా గ్రీన్ టీ కొద్దిగా కెటిల్లో వేసి, మరుగు నీళ్లు పోసి, ఆ మొదటి నీటిని ఒక గ్లాసులోకి వంచి దాస్తారు. సారం అందులోనే ఉంటుంది. రెండోసారి పోసిన నీళ్లు కెటిల్లో తిప్పి పారబోస్తారు, చేదు పోవాలని. దాచింది మళ్లీ పోసి, నీళ్లూ చక్కెరా వేసి కాచి, చివర్న పుదీనా కట్ట కుక్కుతారు. చలికాలంలో పుదీనా కరువైతే, మన మాచిపత్రికి దగ్గరి చుట్టమైన 'షీబా' రెమ్మ వేస్తారు. నురగ కోసం ఎత్తునుంచి పోస్తారు. గ్లాసుకు పిడి ఉండదు, అందుకే నిండా పోయరు. అంచు పట్టుకోవాలి మరి.

ఇక భోజనం. నేలమీద కూర్చోవడం, కుడిచేత్తో తినడం మనకు కొత్త కాదు. తడబడేది ఇంకోచోట. విడి కంచాలుండవు. తజీన్ అనే మట్టిపాత్ర మధ్యలో పెడతారు; అడుగున మాంసం, పైన బంగాళాదుంప, క్యారెట్ గోపురంలా పేర్చి, బొగ్గుల మీద గంటకు పైగా మగ్గిస్తారు. ఇంటాయన 'బిస్మిల్లా' అన్నాక రొట్టె తుంచి, మూడు వేళ్లతో మీ ముందున్న భాగమే తినాలి. పక్కవాళ్ల వైపు చెయ్యి పోకూడదు. నడిమి మాంసానికి తొందరపడకండి. ఆఖర్న ఆయనే పంచుతాడు, పెద్దముక్క మీవైపే జరుపుతాడు. చాలనిపిస్తే 'సఫీ' అనండి. ఒక్కసారంటే ఎవరూ నమ్మరు.

శాకాహారులైతే ముందురోజే చెప్పండి. పైన కూరగాయలే కనిపించినా అడుగున ఎముక ఉండొచ్చు. 'బ్లా ల్హమ్' అంటే మాంసం లేకుండా అని.

రాత్రి చలి బాగా దిగుతుంది. గదిలో హీటరుండదు, బరువైన ఉన్ని దుప్పట్లే దిక్కు. 2023 సెప్టెంబరు 8 భూకంపంలో ఈ ప్రాంతంలో మట్టి ఇళ్లు ఎన్నో కూలాయి. మిగిలిన పాత ఇళ్ల మట్టి కప్పు మీదికి అడగకుండా ఎక్కకండి, పైన ధాన్యమో పండ్లో ఎండుతూ ఉంటాయి. ఆడవాళ్ల ఫొటోలు కూడా అడిగాకే. బసకెంతో వచ్చిన రోజే మాట్లాడుకోండి. వెళ్లేరోజు బేరం పెడితే ఇద్దరికీ ఇబ్బంది.