చిన్న నికొలాకు ఇద్దరు తండ్రులు

సభకు నమస్కారం.

ఫ్రెంచి బాలసాహిత్యం అనగానే మనలో చాలామందికి ముందుగా గుర్తొచ్చేది ఎడారిలో విమానం చెడిపోయిన పైలటుకు ఎదురైన చిన్న రాకుమారుడు. 'లిటిల్ ప్రిన్స్' అనే ఆ పుస్తకం గొప్పదనాన్ని కాదనను. అయితే ఫ్రాన్సులో తాత, కొడుకు, మనవడు వరసగా చదివి, ఒకరి అలమరలోంచి మరొకరు తీసుకుని, ఎవరికి వారు అది తమ చిన్నప్పటి పుస్తకమే అనుకునేది ఏదని అడిగితే నేను 'లె పెతీ నికొలా' పేరు చెబుతాను. రెనె గొసినీ రాశారు, జాఁ-జాక్ సాంపే బొమ్మలు వేశారు. మొదటి సంపుటం 1960లో దెనొయెల్ ప్రచురణ సంస్థ నుంచి వచ్చింది. 1964 నాటికి మొత్తం ఐదు సంపుటాలయ్యాయి. అరవై ఏళ్లు దాటినా ఈ కథల మీద అక్కడి పాఠకులకు మమకారం తగ్గకపోవడానికి కారణమేమిటన్నదే ఇవాళ నా ప్రసంగ విషయం.

నికొలా ఏడెనిమిదేళ్ల కుర్రాడు. నాన్న ఆఫీసుకు వెళ్తాడు, అమ్మ ఇంట్లో ఉంటుంది, పక్కింట్లో బ్లెదూర్ గారు నాన్నను ఆటపట్టించడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. బడిలో ఆల్సెస్త్ అనే బొద్దు మిత్రుడు ఎప్పుడు చూసినా ఏదో ఒకటి తింటూనే ఉంటాడు. జొఫ్రువా తండ్రి బాగా డబ్బున్నవాడు, కొడుకు ఏది అడిగితే అది కొనిపెడతాడు. ఎద్ బలమైనవాడు, స్నేహితుల ముక్కు మీద గుద్దడమంటే సరదా. క్లొతేర్ తరగతిలో ఆఖరివాడు. ఆన్యాఁ మొదటివాడు, పంతులమ్మకు ముద్దుబిడ్డ, పైగా కళ్లజోడు పెట్టుకుంటాడు కాబట్టి కొట్టాలనుకున్నప్పుడల్లా కొట్టడం కుదరదు. ఈ చివరి మాట నాది కాదు, ఆ పిల్లలకు నిజంగా ఉన్న ఫిర్యాదు.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు కథనే తీసుకుందాం. పంతులమ్మ కంగారుపడుతూ తరగతిలోకి వచ్చి, ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారనీ, బుద్ధిగా ఉండి మంచి పేరు తేవాలనీ పిల్లలను బతిమాలుతుంది. పిల్లలూ నిజాయితీగానే మాటిస్తారు. ఆ తరవాత సిరా ఒలుకుతుంది, బెంచీ జరపబోతే గందరగోళమవుతుంది. ఇన్‌స్పెక్టరు కాస్త చనువు చూపిద్దామని ఫ్రెంచి నీతికథల కవి లా ఫొంతేన్ చెప్పిన కాకీ-నక్కా కథ ఎత్తుకుంటాడు. అంతే, కాకి ముక్కున ఉన్న చీజు ఏ రకందో తేల్చుకోవడానికి తరగతి రెండు పక్షాలుగా చీలిపోతుంది. కామాంబేర్ అని ఒకడంటే, అది కారిపోతుంది కదా, కాకి ముక్కున నిలవదని ఇంకొకడు. రొక్‌ఫోర్ అని ఒకడు, కామాంబేర్ కంపు కూడా కొడుతుందని ఇంకొకడు. వాసనకూ రుచికీ సంబంధమేమిటి, సబ్బు మంచి వాసనే వేస్తుంది, తింటే మాత్రం బాగుండదు, నేను తిని చూశాను అని మరొకడు. చివరికి ఆ పెద్దమనిషి, మన వృత్తి ఎంతటి త్యాగమో ఇవాళే తెలిసిందని పంతులమ్మతో అని, ధైర్యం చెప్పి, అభినందించి, గబగబా వెళ్లిపోతాడు. తరవాత నికొలా రాసుకున్న మాటల సారమిది: పంతులమ్మ అంటే మాకెంతో ఇష్టమే గానీ ఆవిడ చేసింది చాలా అన్యాయం, మా పుణ్యమా అని ఆవిడకు అంత మెప్పు దక్కితే, మా అందరికీ శిక్ష వేసింది.

ఈ ముగింపు దగ్గర ఎనిమిదేళ్ల పాఠకుడు నికొలా పక్షాన నిలబడతాడు. శిక్ష అన్యాయమే అనుకుంటాడు, చీజు గొడవకు మాత్రం నవ్వుతాడు. ముప్పై ఏళ్ల తరవాత అదే మనిషి తన కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని అదే పేజీ చదివినప్పుడు పంతులమ్మ ముఖం కనిపిస్తుంది, ఇన్‌స్పెక్టరు ఎందుకంత తొందరగా తలుపు వైపు నడిచాడో అర్థమవుతుంది. కథలో ఒక్క అక్షరం మారలేదు, నవ్వు వచ్చే చోటు మారింది. పెద్దలకూ పిల్లలకూ కలిపి రాసే పుస్తకాల్లో సాధారణంగా జరిగేదేమిటంటే, రచయిత పిల్లవాడి తల మీదుగా పెద్దవాడికి కన్ను గీటుతాడు. పిల్లలు అది పసిగట్టగలరు, వారికి అది నచ్చదు. గొసినీ ఆ పని ఒక్కసారి కూడా చెయ్యలేదు. నికొలాకు తెలియనిది కథలో ఎవరూ చెప్పరు. అతను చూసినది, అతనికి అర్థమైనంత మేరకు, అతని మాటల్లోనే మనకు చేరుతుంది.

ఆ మాటల తీరు కూడా ఆలోచించి కట్టినదే. ఫ్రెంచిలో కథలు రాయడానికి పుస్తకాలకే పరిమితమైన ఒక భూతకాల రూపం ఉంది, నోటి మాటల్లో అది వినిపించదు. నికొలా దాన్ని పక్కనపెట్టి, బడి నుంచి వచ్చిన పిల్లవాడు గుమ్మంలో చెప్పులు విడుస్తూ చెప్పినట్టు, ఒక వాక్యానికి ఇంకో వాక్యం తగిలించుకుంటూ, ఊపిరి అందక మధ్యలో ఒకసారి ఆగి, మళ్లీ 'నిజంగానే, మరి!' అని నొక్కిచెప్పి ముందుకు సాగుతాడు. ఫ్రెంచి నేర్చుకునేవారికి తొలి పుస్తకాల్లో ఒకటిగా దీన్ని చేతికివ్వడానికి ఇదొక కారణం. విద్యార్థి క్రియారూపాలు నేర్చుకుంటున్నానని అనుకుంటాడు, ఈలోగా నవ్వేస్తాడు.

ఇక్కడున్నవారి మనసులో ఇప్పటికే మెదిలి ఉంటుంది కాబట్టి చెప్పేస్తాను. 1950ల్లోనే మన వారపత్రిక పుటల్లో ముళ్లపూడి వెంకటరమణ రాతతో, బాపు గీతతో బుడుగు పుట్టాడు. అక్కడా ఇక్కడా రచయిత ఒకరు, చిత్రకారుడు మరొకరు, మాట్లాడేది మాత్రం కుర్రాడు. పోలిక అంతవరకే. బుడుగు పెద్దవాళ్లకే పాఠం చెప్పగల ఘనుడు, తన గొప్ప తనకు బాగా తెలుసు. నికొలాకు తన గొప్ప తెలియదు, పెద్దవాళ్లు చెప్పినదల్లా నమ్ముతాడు, ఆ నమ్మకం లోంచే ఇబ్బందులు తెస్తాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఇష్టమని నన్ను అడగవద్దని మనవి.

ఇక ఆ ఇద్దరు తండ్రుల సంగతి. గొసినీ 1926లో ప్యారిస్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టినా, రెండేళ్ల వయసులోనే తల్లిదండ్రులతో బ్వేనస్ ఐరిస్ వెళ్లి, అక్కడి ఫ్రెంచి బడిలో చదువుకున్నారు. ప్యారిస్‌లో ఉండిపోయిన తల్లి తరఫు బంధువులు కొందరు నాజీ శిబిరాల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. యుద్ధం ముగియకముందే తండ్రి హఠాత్తుగా చనిపోయారు. సాంపే 1932లో బోర్దో నగరం దగ్గర పుట్టారు. ఇంట్లో పేదరికం, తాగుడు, రోజూ కేకలు, దెబ్బలు. బడి నుంచి తొందరగానే బయటపడి, సైకిలు మీద తిరిగి పళ్లపొడి అమ్మారు. వీరిద్దరూ 1954 ప్రాంతంలో ప్యారిస్‌లో ఒక చిత్రకథల సంస్థలో కలుసుకున్నారు. నికొలా మొదట 1955లో బెల్జియం పత్రిక 'ల మూస్తిక్'లో బొమ్మల వరసగా వచ్చాడు. పేరు ఎక్కడిదంటే, ఒక మద్యం దుకాణాల సంస్థ ప్రకటన సాంపే కంటబడింది, దానిమీద నికొలా అని ఉంది. ఆ వరస ఏడాది తిరక్కముందే ఆగిపోయింది. 1959 మార్చి 29న, ఈస్టర్ ఆదివారం, సాంపే సొంత ఊరి పత్రిక 'స్యుద్ వెస్త్ దిమాఁష్'లో నికొలా కథగా మళ్లీ కనిపించాడు. అదే ఏడాది అక్టోబరులో గొసినీ కలం నుంచే, మరో చిత్రకారుడితో కలిసి, చిత్రకథల వీరుడు ఆస్టెరిక్స్ కూడా పుట్టాడు. ఒకే మనిషి ఒకే ఏడాదిలో రెండు తరగని గనులు తవ్వాడంటే అసూయ కలగక మానదు.

సాంపే తన బడి, ఫుట్‌బాల్, వేసవి శిబిరాల జ్ఞాపకాలు చెబుతుంటే, ఆ బాల్యం ఫ్రాన్సులో గడపని గొసినీ వాటిని కథలుగా మలిచారు. తన పసితనంలోని దుఃఖాన్నే మళ్లీ చూసి వస్తూ, ఈసారి అంతా బాగానే ముగిసేటట్టు చూసుకోవడానికి నికొలా కథలు తనకొక దారి అయ్యాయని సాంపే వృద్ధాప్యంలో చెప్పుకున్నారు. నికొలా ఇంట్లోనూ అమ్మానాన్నలు పోట్లాడుకుంటారు. అమ్మ ఏడుస్తుంది, పుట్టింటికి వెళ్లిపోతానంటుంది, నాన్న గొంతు పెంచుతాడు, తీరా కథ చివర అందరూ భోజనానికి కూర్చుంటారు. సాంపే ఇంట్లో అలా ముగియలేదు. ఫ్రెంచివారు ఈ పుస్తకాన్ని తమ బాల్యమని చెప్పుకుంటారు గానీ, నా అంచనాలో ఇది ఎవరి బాల్యమూ కాదు. బాల్యం దక్కని ఇద్దరు కలిసి, ఇలా ఉండి ఉంటే బాగుండేదని కట్టుకున్నది. అందుకే ఇది పాతబడలేదు. ఆ కథలు పత్రికలో వస్తున్న కాలంలో ఫ్రాన్సు అల్జీరియాలో యుద్ధం చేస్తోంది, అది 1962 దాకా సాగింది. పుస్తకంలో ఆ నీడ కూడా పడదు. దాన్ని తప్పుపట్టేవారి మాట నాకు అర్థమవుతుంది, కానీ ఆ నీడ పడి ఉంటే ఈ పుస్తకం ఇంకేదో అయ్యేది.

సాంపే గీత గురించి ఒక మాట. ఇంకొకరైతే నికొలా ముఖాన్ని దగ్గరగా, పెద్ద కళ్లతో, ముద్దుగా వేసేవారు. సాంపే పేజీలో ఎత్తైన గోడలు, విశాలమైన ఆటస్థలం, బోలెడంత తెల్లటి ఖాళీ ఉంటాయి. అడుగున ఎక్కడో అగ్గిపుల్లల్లాంటి కాళ్లతో పది పదిహేనుమంది పిల్లలు ఒకరిమీద ఒకరు పడి కొట్టుకుంటూ ఉంటారు. వారిలో నికొలా ఎవరో వెతుక్కోవాలి. ఇంత పెద్ద లోకంలో ఇంత చిన్నవాళ్లు ఇంత ఆవేశంగా తలపడుతున్నారన్నదే ఆ బొమ్మలోని హాస్యం. వాక్యం పిల్లవాడి ఎత్తు నుంచి చూస్తే, బొమ్మ మేడ మీది నుంచి చూస్తుంది. తరవాతి కాలంలో 'న్యూయార్కర్' పత్రికకు ఆయన వందకు పైగా ముఖచిత్రాలు వేశారు, వాటిలోనూ మనుషులు ఇలాగే చిన్నగా ఉంటారు.

లోపాలు లేవనను. అది మగపిల్లల బడి, ఆడపిల్లలు అతిథుల్లా వచ్చి పోతారు. వచ్చినప్పుడు మాత్రం లూయిజెత్ లాంటి పిల్ల బంతి తన్నే తీరుకు నికొలా నోరు వెళ్లబెట్టాల్సి వస్తుంది. అమ్మకు వంటగది దాటి బతుకు లేదు. ఇప్పటి ఫ్రెంచి తల్లిదండ్రులు కొందరు దీని గురించి పిల్లలతో మాట్లాడి మరీ చదివిస్తున్నారు, అది మంచిదే.

గొసినీ 1977లో, యాభై ఒక్క ఏళ్ల వయసులో, గుండె పరీక్ష జరుగుతుండగానే కన్నుమూశారు. పత్రికల్లో వచ్చి పుస్తకాల్లోకి ఎక్కని నికొలా కథలను ఆయన కూతురు ఆన్ గొసినీ 2004లో పెద్ద సంపుటంగా తెచ్చినప్పుడు, అది పిల్లల కంటే ముందు పెద్దవారి చేతుల్లోకి వెళ్లింది. 2009లో సినిమా వచ్చింది. 2022లో ఇద్దరు తండ్రుల జీవితాలనూ నికొలా కథలనూ కలిపి తీసిన యానిమేషన్ చిత్రానికి ఫ్రాన్సులోని ఆనెసి యానిమేషన్ ఉత్సవంలో ప్రధాన బహుమతి దక్కింది. అదే ఏడాది ఆగస్టులో సాంపే కూడా వెళ్లిపోయారు. ఈ కథలకు లాటిన్ అనువాదం కూడా ఉంది, చీజు మీద పిల్లల తగాదా లాటిన్‌లో ఎలా వినిపిస్తుందోనని నాకు ఇప్పటికీ కుతూహలమే.

కొత్తగా చదవదలచినవారు 1962 నాటి సెలవుల సంపుటంతో మొదలుపెట్టవచ్చు. అందులో తల్లిదండ్రులు నికొలాను మొదటిసారి ఒంటరిగా వేసవి శిబిరానికి పంపాలని నిర్ణయించుకుంటారు. ఆ సంగతి చెబితే బిడ్డ ఏడుస్తాడని భయపడి, ఎవరు చెప్పాలో తేల్చుకోలేక నసుగుతారు, కానుకలు ఆశచూపిస్తారు, గొంతు సవరించుకుంటారు. విషయం బయటపడగానే నికొలా ఆనందంతో గంతులు వేస్తాడు. అమ్మానాన్నలు ఎందుకు నీరుగారిపోయారో అతనికి అంతుపట్టదు, అయినా అడగడు, సామాను సర్దుకునే హడావుడిలో పడిపోతాడు.