ఒంటి తీగా, పోగుల తీగా?

నిర్వాహకురాలు: నమస్కారం. ఇంటి వైరింగు మీద మీ సందేహాలు తీర్చడానికి ఎలక్ట్రికల్ ఇంజనీరు గారు మనతో ఉన్నారు. మొదటి ఫోను రాజోలు వైపు నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారమండి. ఇల్లు కడుతున్నామండి. గోడల్లో పైపులు వేసేశారు, ఇప్పుడు వైరు కొనాలి. మా మామయ్యగారేమో ఒకటే తీగ ఉండే వైరు వేయించు, గట్టిగా ఉంటుందంటారు. మేస్త్రీ పోగుల వైరే తెమ్మంటున్నాడు. పోగుల దాంట్లో కరెంటు ఎక్కువ వెళ్తుందట కదండీ?

ఇంజనీరు: ఆ మాట నేనూ చాలాసార్లు విన్నానండి. కరెంటు తీగ పైపైనే పారుతుంది, పోగులు ఎక్కువైతే దారి ఎక్కువ అంటారు. కానీ మన ఇళ్లకొచ్చే 50 హెర్ట్జ్ కరెంటు రాగిలో సుమారు 9 మిల్లీమీటర్ల లోతు దాకా దిగుతుంది. 2.5 సైజు అంటే అడ్డకోత వైశాల్యం 2.5 చదరపు మిల్లీమీటర్లు; ఆ తీగ మందమే 2 మిల్లీమీటర్లు ఉండదు. ఇంక పైపైన ఎక్కడిది? ఆ మాటకొస్తే నిరోధం ఒంటి తీగకే కొంచెం తక్కువ. 1.5 సైజుకి కిలోమీటరుకు ఒంటి తీగైతే 12.1 ఓమ్‌లు, సన్నపోగులదైతే 13.3 ఓమ్‌లు దాటకూడదని ప్రమాణం. ఇంట్లో వేసే పది ఇరవై మీటర్లకి ఆ తేడా లెక్కలోకి రాదు.

శ్రోత: అయితే మామయ్యగారే గెలిచారన్నమాట.

ఇంజనీరు: ఆగండాగండి. మీ పైపులకి వంపులెన్ని?

శ్రోత: మేడమెట్ల లైటు దారిలో నాలుగున్నాయండి.

ఇంజనీరు: అక్కడ ఒంటి తీగ లాగాలంటే ఇద్దరికి చెమటలు పడతాయి. బలంగా గుంజితే పైతొడుగు గీసుకుపోతుంది, పైపులో కాబట్టి ఎవరికీ కనబడదు. బోర్డు నాలుగుసార్లు విప్పి బిగిస్తే స్క్రూ దగ్గర పుటుక్కున విరిగినా విరుగుతుంది. కాబట్టి మేస్త్రీ మాటే వినండి. కాకపోతే కొసల దగ్గర ఆయన్ని ఓ కంట కనిపెట్టాలి.

శ్రోత: అదేంటండి?

ఇంజనీరు: ఒంటి తీగ స్క్రూ కింద బుద్ధిగా కూర్చుంటుంది. పోగులు అలా కాదు, విడిపోయిన జడలా విచ్చుకుంటాయి. సగం స్క్రూ కింద, సగం పక్కకి. తొడుగు ఒలిచేటప్పుడు కొన్ని తెగుతాయి. రంధ్రంలో పట్టలేదని మరికొన్ని కత్తిరించేసే మహానుభావులనూ చూశాను. తర్వాత గీజరు వేస్తే అక్కడే వేడెక్కి ప్లగ్గు నల్లబడుతుంది. అందుకని ప్రతి కొసకీ పిన్ లగ్గు, అంటే పోగులన్నిటినీ కలిపి పట్టే చిన్న లోహపు గొట్టం, పెట్టి, క్రింపింగ్ టూల్‌తో నొక్కించండి. కొసకి సోల్డరు, అంటే కరిగించిన టంకం, పూసి బిగిస్తానంటే మాత్రం వద్దనండి. సోల్డరు మెత్తన. ఒత్తిడికి మెల్లగా జరిగిపోయి స్క్రూ వదులవుతుంది.

శ్రోత: లగ్గులకి మేస్త్రీ ఒప్పుకుంటాడంటారా?

ఇంజనీరు: మీరే కొని చేతిలో పెట్టండి, ఒప్పుకుంటాడు. లైట్లకీ ఫ్యాన్లకీ 1.5, ప్లగ్గులకి 2.5, ఏసీకి, గీజరుకి విడివిడిగా 4 తీసుకోండి.

నిర్వాహకురాలు: మొగల్తూరు నుంచి ఇంకో శ్రోత.

శ్రోత: ఆయ్, నమస్కారమండి. మాది రొయ్యల చెరువండి. గట్టు మీద షెడ్డులో నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల వైర్లు కొసల దగ్గర పచ్చగా అయిపోతున్నాయి. ఒంటి తీగ వేస్తే ఆగుద్దాండి?

ఇంజనీరు: వేయకండి. మోటారు అదురుకి ఒంటి తీగ తొందరగా విరుగుతుంది. మీ ఇబ్బంది ఉప్పుగాలి. దీపం వత్తి నూనె పీల్చినట్టు పోగుల సందుల్లోంచి తేమ లోపలికి ఎక్కుతుంది. పచ్చబడిన మేర కోసేసి, ఎర్రగా మెరిసే రాగి వచ్చాకే లగ్గు వేయించండి. ఈసారి కొనేటప్పుడు పోగుపోగుకీ తగరం పూత ఉన్న వైరు అడగండి. ఇందాక వద్దన్న సోల్డరు వేరు, ఈ పూత వేరు. వైర్లు డబ్బాలోకి పైనుంచి కాకుండా కిందనుంచి రావాలి, లేకపోతే వాననీరు వాటి వెంటే దిగుతుంది. అన్నట్టు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఉందా?

శ్రోత: లేదండి.

ఇంజనీరు: చెరువు నీళ్లలో దిగే మనుషులండీ. వైరు సంగతి తర్వాత, ముందు అది పెట్టించండి. 30 మిల్లీ ఆంపియర్లది. కొసలు ముట్టుకునేముందు మెయిన్ దించడం మరిచిపోకండి.

శ్రోత: మెయిన్ దించితే రొయ్యలకి గాలాగిపోద్ది కదండీ?

ఇంజనీరు: ఎండ బాగా కాసే మధ్యాహ్నం దించండి, ఆ వేళ నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువుంటుంది. తెల్లవారుజామున మాత్రం ముట్టుకోకండి.