మొదటి పేజీలో పాడి పశువులు ఉండాలి

అందరికీ నమస్కారం. ఇక్కడ వెబ్ డిజైన్ చేసేవాళ్లు ఎక్కువమంది ఉన్నారు. కంపెనీల్లో రిపోర్టులు తయారుచేసేవాళ్లూ కొందరు వచ్చారు. ఈ రెండు వర్గాలూ కలిసి చేయాల్సిన ఒక పని గురించి మాట్లాడతాను. ఆహార కంపెనీ సస్టైనబిలిటీ రిపోర్టును, అంటే పర్యావరణం మీద, సమాజం మీద తన ప్రభావం ఎంతో కంపెనీ చెప్పే నివేదికను, వెబ్‌సైట్‌గా మలచడం ఎలా అన్నది నా విషయం. ఆహార కంపెనీల్లో చాలా రకాలున్నాయి కాబట్టి పాల కంపెనీని ఉదాహరణగా తీసుకుంటాను.

మన దేశంలో పెద్ద కంపెనీలకు ఈ రిపోర్టు ఇప్పుడు తప్పనిసరి. 2021 మేలో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దీనికి బీఆర్ఎస్ఆర్ (బిజినెస్ రెస్పాన్సిబిలిటీ అండ్ సస్టైనబిలిటీ రిపోర్ట్) అనే నమూనా తెచ్చింది. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి దాన్ని నింపి తీరాలి. అందులో తొమ్మిది సూత్రాలు, వాటి కింద పట్టికల మీద పట్టికలు ఉంటాయి. దాన్ని పీడీఎఫ్‌లో చివరిదాకా చదివే ఓపిక మామూలు పాఠకుడికి ఉండదు. అందుకే కంపెనీలు మన దగ్గరికి వస్తాయి.

వచ్చేటప్పుడు మొదటి పేజీకి ఏ ఫొటోలు తెస్తారో మీకు తెలుసు. ఫ్యాక్టరీ పైకప్పు మీద సోలార్ పలకలు, మొక్క నాటుతున్న చేతులు. సోలార్ మంచిదే, పెట్టాల్సిందే. కానీ పాల వ్యాపారం వల్ల వాతావరణం మీద పడే భారంలో పెద్ద వాటా ఫ్యాక్టరీది కాదు. ఆవులు, గేదెల కడుపులో మేత అరిగేటప్పుడు పుట్టి తేన్పుల్లో బయటికొచ్చే మీథేన్‌ది, పేడది, దాణా పండించే పొలానిది. వాతావరణాన్ని వేడెక్కించే ఈ వాయువులను ఉద్గారాలు అంటారు, వాటిని మూడు భాగాలుగా లెక్కిస్తారు. కంపెనీ సొంత బాయిలర్లు, వాహనాలు వదిలేదాన్ని స్కోప్ 1 అంటారు. కొన్న కరెంటు వెనక ఉన్నది స్కోప్ 2. రైతు దగ్గర కొన్న పాల వెనక ఉన్నదంతా స్కోప్ 3 కిందికి వస్తుంది. నెస్లే 2020 డిసెంబర్‌లో ఉద్గారాలు తగ్గించే తన ప్రణాళికను ప్రకటించినప్పుడు, తన ఉద్గారాల్లో దాదాపు మూడింట రెండు వంతులు వ్యవసాయం నుంచే వస్తున్నాయని తనే చెప్పింది.

బీఆర్ఎస్ఆర్‌లో స్కోప్ 1, 2 లెక్కలు తప్పనిసరి ప్రశ్నల్లో ఉన్నాయి. స్కోప్ 3 మాత్రం ఇష్టమైతే చెప్పే విభాగంలో ఉంది. అంటే పాల కంపెనీకి అన్నిటికన్నా పెద్ద అంకె ఫారం నింపినా బయటికి రాకపోవచ్చు. ఫారంలోని వరుసనే మెనూగా మార్చి పెడితే మన వెబ్‌సైట్ కూడా దాన్ని దాచినట్టే అవుతుంది. కాబట్టి నా పట్టుదల ఒక్కటే: ఏది ఎంత పెద్దదో, పేజీలో దానికి అంత చోటు ఇవ్వండి. పశువుల పాక మొదట రావాలి, సోలార్ తర్వాత రావాలి. కంపెనీ ఇంకా స్కోప్ 3 లెక్క కట్టకపోతే ఆ చోటు తీసేయకండి. "ఇంకా లెక్కించలేదు, ఫలానా ఏడాదికల్లా ఇస్తాం" అని అక్కడే రాయించండి. ఈ ఒక్క వాక్యం కోసం మీటింగ్‌లో గట్టిగా వాదించాల్సి వస్తుంది. వాదించండి.

లక్ష్యాల పేజీ సంగతికొస్తే, 2023 జనవరిలో ఫ్రాన్స్ పాల ఉత్పత్తుల కంపెనీ డానోన్ చేసిన ప్రకటన చూడండి. తాజా పాల నుంచి వచ్చే మీథేన్‌ను 2020తో పోల్చి 2030 నాటికి 30 శాతం తగ్గిస్తామంది. ఏ వాయువు, ఎక్కడి నుంచి, ఏ ఏడాదితో పోలిక, ఎప్పటికి, ఎంత అన్నవన్నీ ఒక్క వాక్యంలో ఉన్నాయి. "పచ్చని రేపటి కోసం" అనే శీర్షికలో వీటిలో ఒక్కటైనా ఉందా? లక్ష్యం పక్కనే ఈ ఏడాది ఎక్కడున్నారో చూపించాలి. వెనకబడితే అది కూడా అదే సైజు అక్షరాల్లో ఉండాలి.

గ్రాఫుల దగ్గర ఇంకొంచెం ఆగుతాను, ఎందుకంటే అబద్ధం రాయకుండానే తప్పుదోవ పట్టించగల చోటు అదే. లీటరు పాలకు వాడే నీరు 10 శాతం తగ్గించామని ఒక కంపెనీ చెప్పిందనుకోండి. అదే ఏడాది ఉత్పత్తి 30 శాతం పెరిగితే, మొత్తం నీటి వాడకం 17 శాతం పెరిగినట్టు. లీటరు లెక్క నిజమే. కానీ ప్లాంట్ ఉన్న ఊళ్లో బోర్లలో నీళ్లు తగ్గేది మొత్తం లెక్కను బట్టి. రెండు గీతలూ పక్కపక్కనే ఉండాలి. గ్రాఫు పక్కనుండే నిలువు కొలత సున్నా దగ్గర మొదలవ్వాలి. పాత ఏడాది అంకెను సవరిస్తే ఎందుకు సవరించారో దాని కిందే రాయాలి, ఎక్కడో ఫుట్‌నోట్‌లో కాదు.

యూనిట్లు కూడా అంతే. రిపోర్టులో కరెంటు గిగాజౌళ్లలో, నీరు కిలోలీటర్లలో ఉంటాయి. ఒక గిగాజౌల్ అంటే సుమారు 278 కరెంటు యూనిట్లు. ఇంటి కరెంటు బిల్లు చూసే ప్రతివాళ్లకూ అది అర్థమవుతుంది. అసలు అంకె తీసేయకుండా పక్కనే ఇది ఇవ్వండి. మిలియన్లు వద్దు, లక్షలు, కోట్లు రాయండి.

పాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా చూపించాలి. 2018 ఫిబ్రవరిలో యూనిలివర్ తనకు పామాయిల్ చేరే 1,400కు పైగా మిల్లుల జాబితాను బయటపెట్టింది. అంతకుముందు అది వ్యాపార రహస్యంగా చూసే సమాచారం. మన పాల కంపెనీ రైతుల పేర్లు పెట్టనక్కర్లేదు, పెట్టకూడదు కూడా. ఏ మండలాల్లో బల్క్ కూలర్లు (రైతుల పాలను చల్లబరిచి ఉంచే ట్యాంకులు) ఉన్నాయో మ్యాప్ మీద చూపిస్తే చాలు.

ఇక భాష. 2024 అక్టోబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ గ్రీన్‌వాషింగ్ మీద, అంటే పర్యావరణానికి మేలు చేస్తున్నామని తప్పుదోవ పట్టించేలా చెప్పుకోవడం మీద, మార్గదర్శకాలు తెచ్చింది. "ఎకో ఫ్రెండ్లీ" లాంటి మాట వాడితే ఆధారం చూపించాలి, ఆ వివరాలు క్యూఆర్ కోడ్ లేదా లింకు ద్వారా ఇవ్వచ్చు. అంటే రేపు పాల ప్యాకెట్ మీది కోడ్ స్కాన్ చేసిన మనిషి మీ పేజీలో దిగుతారు. ఏలూరులోనో నల్గొండలోనో చిన్న ఫోన్‌లో తెరిచే ఆ మనిషికి ఇంగ్లీషు పేజీ ఒక్కటే ఇస్తే ఏం లాభం? తెలుగు పేజీని యూనికోడ్‌లో కట్టండి. డీటీపీ వాళ్లిచ్చే, యూనికోడ్ కాని అను ఫాంట్ల ఫైల్ నుంచి కాపీ చేస్తే పిచ్చి అక్షరాలొస్తాయి, గూగుల్‌లో వెతికినా దొరకవు. లైన్ల మధ్య ఖాళీ ఇంగ్లీషుకన్నా ఎక్కువ ఇవ్వండి, లేకపోతే ఒత్తులు తెగిపోతాయి. గ్రాఫును బొమ్మగా పెట్టి వదిలేయకండి. కింద పట్టిక కూడా ఉంటే చూపులేనివారి స్క్రీన్ రీడర్ దాన్ని చదివి వినిపిస్తుంది.

చివరిగా, ఒప్పందంలో రాయించుకోవాల్సిన మాట ఒకటుంది. కొత్త ఏడాది సైట్ వచ్చినప్పుడు పాత ఏడాది పేజీలు అదే అడ్రసులో ఉండాలి, వాటి అంకెలు ఎక్సెల్‌లో డౌన్‌లోడ్ అవ్వాలి. చాలా చోట్ల పాత సైట్ మీదే కొత్తది కట్టేస్తారు. అప్పుడు ఐదేళ్ల కిందటి మాటను, ఈనాటి అంకెను పక్కపక్కన పెట్టి చూసే వీలు ఎవరికీ ఉండదు. హోస్టింగ్ ఖర్చు పెద్దగా పెరగదు. టెండర్ పత్రంలోనే దీన్ని ఒక షరతుగా పెట్టించండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.