ఏ ఫోటో రాలేదని కొంటున్నారు?

(చెన్నై టీ నగర్‌లో తెలుగు ఫోటో మిత్రుల ఆదివారం కూడికలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. కుర్చీలు చాలక వెనక నిలబడ్డవాళ్లు కాస్త ఓపిక పట్టండి, ఎక్కువసేపు మాట్లాడే అలవాటు నాకు లేదు. నేను పద్దులు రాసుకునే మనిషిని. నెల్లూరు నుంచి మద్రాసు వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఫోటోలు నాకు ఆదివారం పని. అందుకని నా మాటల్లో కళ తక్కువ, లెక్కలు ఎక్కువ ఉంటాయి. ముందే చెబుతున్నాను, తర్వాత తిట్టుకోవద్దు.

పోయినేడు దీపావళికి బోనస్ వచ్చింది. దాచుకున్నది కూడా కలిపితే లక్షా ఇరవై వేలు తేలింది. నా దగ్గరున్నది నికాన్ డీ5600, 2018లో కొన్నది, దానితో వచ్చిన 18-55 కిట్ లెన్స్. ఇక ఫుల్‌ఫ్రేమ్‌కి, అంటే వెలుగును పట్టే సెన్సర్ పెద్దగా ఉండే కెమెరాకి, మారాల్సిందే అనుకున్నాను. నెల రోజులపాటు రాత్రి భోజనాలయ్యాక ఫోన్‌లో రివ్యూలు చూడటమే పని. ఏ కెమెరాకి ఎన్ని ఫోకస్ పాయింట్లో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఆ నెలంతా ఒక్క ఫోటో కూడా తీయలేదని తర్వాత గమనించాను.

ఒకరోజు మా ఆవిడ కంచాలు తీస్తూ అడిగింది, “ఇంతకీ ఏ ఫోటో రాలేదని కొంటున్నారండీ?” అని.

“నీకు తెలియదులే” అన్నాను. నిజానికి తెలియనిది నాకు.

ఆ రాత్రి హార్డ్ డిస్కు తగిలించి, ఏడాదిగా తీసి పక్కన పడేసిన ఫోటోలు తెరిచాను. మంచివి కాదు, చెడిపోయినవి. మంచి ఫోటోలు చూస్తే మురిసిపోవడమే తప్ప మనకేమీ తెలియదు. ఒక పాత లెడ్జరులో అయిదు గడులు గీశాను. చెయ్యో మనిషో కదిలింది, ఫోకస్ తప్పింది, వెలుగు బాగాలేదు, అసలు ఫోటోలో ఏమీ లేదు, కెమెరా వల్ల కాలేదు. ఒక్కో ఫోటోకి ఒక్కో టిక్కు. మూడు వందలు దాటేసరికి పాలవాడు గంట కొట్టాడు.

‘అసలు ఏమీ లేదు’ గడి నిండటం చూస్తే సిగ్గేసింది. మహాబలిపురంలో మిట్టమధ్యాహ్నం తీసిన రాళ్లన్నీ ‘వెలుగు’ గడిలోకి పోయాయి. ఆ రెంటికీ ఏ కంపెనీ మందు అమ్మదు. ‘కెమెరా వల్ల కాలేదు’ అన్నచోట పదిహేనో పదహారో. అన్నిటికంటే పెద్దది మొదటి గడి. సగానికి దగ్గరగా అందులోనే పడ్డాయి.

వాటిలో ఒక ఫోటో గురించి వివరంగా చెబుతాను. మైలాపూరులో కపాలీశ్వరుడి కోనేటి పక్కన, సాయంత్రం ఆరున్నరకి, ఒక పెద్దావిడ మల్లెపూలు కడుతోంది. పైన ఒకటే బల్బు. ఫోటోలో బుట్ట అల్లిక పుల్ల పుల్లా లెక్కపెట్టొచ్చు. నీళ్లలో తడిపిన అరటినార మీద మెరుపు కూడా కనిపిస్తోంది. ఆవిడ వేళ్లు మాత్రం పొగ. పూలు కట్టే వేళ్ల కోసమే కదా నేను ఆగి తీసింది! వివరాలు చూస్తే షట్టర్ తెరిచి ఉన్నది సెకనులో 15వ వంతు, లెన్స్ కన్నం ఎఫ్ 5.6, వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే ఐఎస్‌వో 3200. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ కన్నం పెద్దది, వెలుగు ఎక్కువ. లెన్స్‌లో ఉన్న వీఆర్ అనే ఏర్పాటు నా చేతి వణుకును ఆపింది, అందుకే బుట్ట అంత శుభ్రంగా వచ్చింది. ఆవిడ వేళ్లను ఆపడం దాని పని కాదు. కదిలే మనిషిని ఆపాలంటే షట్టర్ వేగం పెరగాలి, వేగం పెరగాలంటే వెలుగు కావాలి.

ఇక్కడే నా పద్దుల బుద్ధి పనికొచ్చింది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్లు బై 24. నాది 23.5 బై 15.6. వైశాల్యం లెక్కేస్తే అది నా దానికి సుమారు 2.4 రెట్లు. అంటే అదే ఎఫ్ 5.6 దగ్గర, అంతే నాయిస్‌తో, అంటే ఫోటోలో అంతే గరుకుతో, సెకనులో 15వ వంతు కాస్తా 35వ వంతు అవుతుంది. వేళ్లు అప్పటికీ పొగే. పాత కెమెరా బాడీ మీదే ఎఫ్ 1.8 లెన్స్ పెడితే? 5.6ని 1.8తో భాగించి వర్గం చేయండి, 9.7 వస్తుంది. ఐఎస్‌వో అదే ఉంచి 140వ వంతు దాకా పోవచ్చు. వేళ్లు ఆగుతాయి. ఒకవైపు లక్ష పైచిలుకు, ఇంకోవైపు అందులో చిన్న భాగం.

తిరకాసు లేకపోలేదు. ఎఫ్ 1.8లో 50 ఎంఎం లెన్స్‌తో మీటరు దూరంలో తీస్తే ఫోకస్‌లో ఉండేది దాదాపు మూడు సెంటీమీటర్ల మందమే. వేళ్లు దొరికితే ముఖం మసక, ముఖం దొరికితే వేళ్లు మసక. కొన్నాక నా లెడ్జరులో రెండో గడి, అదే ‘ఫోకస్ తప్పింది’, కొన్నాళ్లు ఉబ్బింది. ఎఫ్ 2.8కి మూసి, ఐఎస్‌వో కాస్త పెంచుకోవడం అలవాటయ్యాక సర్దుకుంది.

ఆ లెన్స్ కొనడంలో కూడా ఒకసారి బోల్తా పడ్డాను. సెకండ్ హ్యాండ్‌లో 50 ఎంఎం 1.8డి నాలుగు వేలకే వస్తోందని ఎగిరి గంతేసి తెచ్చాను. ఇంటికొచ్చి తగిలిస్తే ఫోకస్ కదలదు! ఆ డి రకం లెన్స్‌లో మోటారు ఉండదు, బాడీలోని మోటారు దాన్ని తిప్పాలి. డీ5600 లాంటి చిన్న బాడీలలో ఆ మోటారు పెట్టలేదు. అమ్మినాయన తప్పేమీ లేదు, నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అయిదొందల నష్టానికి అమ్మేసి, మోటారు లోపలే ఉన్న 1.8జి తెచ్చుకున్నాను. మిర్రర్‌లెస్‌కి, అంటే లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాకి మారి, పాత లెన్సులు అడాప్టర్‌తో వాడుకుందాం అనుకునే నికాన్ వాళ్లు కూడా ఈ సంగతి గుర్తుంచుకోండి. ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో కూడా మోటారు లేదు. డి లెన్స్ తగులుతుంది, ఫోటో తీస్తుంది, ఫోకస్ మాత్రం మీ వేళ్లే తిప్పాలి.

మిర్రర్‌లెస్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. లెన్స్‌ని బాడీకి తగిలించే అమరికని మౌంట్ అంటారు. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నాటిది, కెనన్ ఈఎఫ్ 1987ది. 2018లో ఇద్దరూ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కోసం కొత్త మౌంట్లు తెచ్చారు, అక్కణ్ణుంచి వాళ్ల దృష్టంతా అటే. దీన్ని చూసి పాత డీఎస్ఎల్ఆర్, అంటే నాలాగా అద్దం ఉన్న కెమెరా ఉన్నవాళ్లు టెన్షన్ పడుతున్నారు. నాకైతే ఇది పండగలా కనిపిస్తోంది. డబ్బున్నవాళ్లు మారిపోతున్నారు, వాళ్ల లెన్సులు మనలాంటివాళ్లకి దిగి వస్తున్నాయి. పాత బాడీ కొనేటప్పుడు మాత్రం షట్టర్ కౌంట్ అడగండి. మన తరగతి కెమెరాలకి ఇంచుమించు లక్ష క్లిక్కులు ఆయుర్దాయం అంటారు. ఎనభై వేలు తిరిగిన బాడీని కొత్తదాని ధరలో సగానికి కొనడం అంటే అరిగిన టైర్ల బండి కొన్నట్టే.

మెగాపిక్సెళ్ల గురించి ఒక్క మాట. 12 బై 18 అంగుళాల ప్రింటుకి అంగుళానికి 300 చుక్కల చొప్పున కావాల్సింది కోటీ తొంభై నాలుగు లక్షల పిక్సెళ్లు. 24 మెగాపిక్సెల్ అంటే రెండు కోట్ల నలభై లక్షలు. మీరు అంతకంటే పెద్ద ప్రింటు ఎన్నిసార్లు వేయించారు? నేను సున్నా సార్లు.

అలాగని ‘కెమెరాలో ఏముంది, అంతా కంట్లోనే ఉంది’ అనేవాళ్ల పార్టీ కాదు నేను. వాళ్లు వెంటనే ‘మాయాబజార్’ సినిమాకి కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లీ గారి వెన్నెలను తీసుకొస్తారు. ఆయన కన్ను గొప్పదే, కాదన్నది ఎవరు! కానీ ఆయన వెనక పెద్ద స్టూడియో ఉంది, లైట్లున్నాయి, ఆ లైట్లు మోసే మనుషులున్నారు. సరంజామా అక్కర్లేదని చెప్పడానికి ఆయన్ని సాక్ష్యానికి పిలవకండి.

బాడీ మార్చక తప్పని సందర్భం నాకు ధనుర్మాసంలో ఎదురైంది. ఈ ఊళ్లో ఆ నెలంతా సభల్లో కచేరీలే కదా, మన త్యాగయ్య తెలుగు వినాలంటే మద్రాసు సభలకే పోవాలి, అది వేరే కథ. ఒకచోట అనుమతి తీసుకుని మూడో వరసలో కూర్చున్నాను. గాయని ఆలాపనలో కింది షడ్జం దగ్గర నిలబడింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. నా కెమెరా ‘టక్’ మంది. ముందు వరసలోని పెద్దాయన వెనక్కి తిరిగి చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఇక ఆ కచేరీ అయ్యేదాకా తీయలేదు. నా లెడ్జరులో ‘కెమెరా వల్ల కాలేదు’ గడిలో ఉన్నవన్నీ ఇలాంటివే. దీనికి ఏ లెన్సూ పనికిరాదు. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ ఉన్న మిర్రర్‌లెస్సే కావాలి.

అయినా కొనలేదు. వడపళని, కోడంబాక్కం వైపు సినిమా వాళ్ల పుణ్యమా అని కెమెరాలు అద్దెకిచ్చేవాళ్లు దొరుకుతారు. రెండు రోజులకి ఒక మిర్రర్‌లెస్ తెచ్చి, ఇంకో కచేరీకి వెళ్లాను. చప్పుడు లేదు, సరే. ఫోటోల్లో మాత్రం అడ్డంగా నల్లటి చారలు! స్టేజీ లైట్లు మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకి వందసార్లు మిణుకుతాయి. ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ని పైనుంచి కిందికి వరస వరసగా చదువుతుంది. చదివేలోపు లైటు మిణికితే అదే చారగా పడుతుంది. షట్టర్ సెకనులో 100వ వంతుకో 50వ వంతుకో తగ్గిస్తే చాలావరకు పోయింది. ఈ సంగతి ఏ రివ్యూలోనూ నా కంటపడలేదు, అద్దె కెమెరా రెండు రోజుల్లో చెప్పింది. ఏడాదికి మూడు నాలుగు కచేరీలే తీసేవాడికి అద్దె చాలు. మీలో ఎవరైనా నెలంతా సభల్లోనే ఉంటే మీ లెక్క వేరు, నిస్సంకోచంగా కొనండి.

పెళ్లిళ్లు తీసేవాళ్ల లెక్క కూడా వేరే. రెండు కార్డులు పట్టే బాడీ వాళ్లకి సోకు కాదు. కార్డు పాడైందని జీలకర్రా బెల్లం రెండోసారి పెట్టించలేం. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే కెమెరా మీద కట్టిన 18 శాతం క్రెడిట్‌గా తీసుకోవచ్చు, బిల్లు మీద మీ నంబరు వేయించుకోవడం మర్చిపోకండి. బిల్లు లేకుండా తక్కువకిస్తామనే చోట వారంటీ కూడా ఉండదని వేరే చెప్పక్కర్లేదు.

చెన్నైలో ఉంటున్నాం కాబట్టి ఇంకో ఖర్చు చెప్పాలి. దీన్ని ఎవరూ బడ్జెట్లో వేసుకోరు. ఈ ఊరి తేమకి లెన్స్ లోపల ఫంగస్ పడుతుంది. కెమెరా బ్యాగులో మడిచి బీరువాలో పెట్టారంటే దానికి మీరే పందిరి వేసినట్టు. నా 70-300 లెన్స్ అలాగే పోయింది. దీపం ముందు పెట్టి చూస్తే గాజు మీద సాలెగూడు పోగుల్లాంటివి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు ఉంటే చాలు. ముల్లు నలభై, యాభై శాతం మధ్య ఉండాలి. సెకండ్ హ్యాండ్ లెన్స్ కొనేటప్పుడు కూడా ఫోన్ టార్చి వెనక నుంచి వేసి, ముందు నుంచి చూడండి. అమ్మేవాడు మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

కాశిమేడు హార్బరుకి తెల్లవారుజామున వెళ్లే కుర్రాళ్లు ఇక్కడ ఉన్నారు. ఏసీ గదిలో పడుకోబెట్టిన కెమెరాని నేరుగా బయటికి తీస్తే గాజు మీద ఆవిరి కమ్ముతుంది. మొదటిసారి నేను తువ్వాలుతో తుడుస్తూనే ఉన్నాను, పడవ దిగాల్సిన చేపలు దిగిపోయాయి, వేలం పాట కూడా మొదలైంది. ఇప్పుడు ముందురోజు రాత్రే బ్యాగుని హాల్లో పెడతాను. దానికి ఖర్చు సున్నా.

మిగిలిన లక్ష ఏమైందని ఇందాక బయట టీ దగ్గర ఒకాయన అడిగారు. మా ఇంట్లో ఫ్రిజ్ మారిందండీ. కొంత ఎఫ్‌డీలో ఉంది. ఆ పెద్దావిడ వేళ్లు ఇప్పుడు స్పష్టంగా ఉన్నాయి. ఒక ప్రింటు వేయించి ఇస్తే, “నా మొహం ఎందుకు మసగ్గా ఉంది?” అని అడిగింది.

సరే, మిమ్మల్ని చెడిపోయిన ఫోటోలు తలా పది తెమ్మన్నాను కదా. మంచివి తెచ్చినవాళ్లు జేబులోనే ఉంచుకోండి. బాబూ, ఆ తలుపు దగ్గర లైటు ఆపు. మొదటి పెన్‌డ్రైవ్ ఎవరిది?