మంచు కింద నీళ్ళున్నాయని ఎలా తెలిసింది?

అందరికీ నమస్కారం. గురుగ్రహం చుట్టూ తిరిగే యూరోపా లోపల ఒక మహాసముద్రం ఉందని మీరు వినే ఉంటారు. కానీ ఆ సముద్రాన్ని ఇంతవరకు ఎవరూ చూడలేదు. పైన కిలోమీటర్ల మందాన మంచు. అక్కడ ఏ నౌకా దిగలేదు, ఎవరూ బోరు వెయ్యలేదు. మరి ఇంత ధైర్యంగా "ఉంది" అని ఎలా అంటున్నాం? ఈరోజు దాని గురించే మాట్లాడతాను, ఎందుకంటే సముద్రం ఉందన్న వార్తకన్నా అది ఎలా తెలిసిందన్న కథే నాకు ఎక్కువ ఇష్టం.

ఇండక్షన్ స్టవ్ వాడినవాళ్ళకు ఇందులో సగం తెలిసినట్టే. దాని మీద స్టీలు గిన్నె పెడితే వేడెక్కుతుంది, గాజు గిన్నె పెడితే ఎంతసేపైనా అంతే. స్టవ్ లోపలి తీగచుట్ట అయస్కాంత క్షేత్రాన్ని అటూ ఇటూ తిప్పుతూనే ఉంటుంది, అలా మారే క్షేత్రానికి కరెంటు పారే వస్తువు దొరికితే అందులో కరెంటు పుడుతుంది. ఆ కరెంటు తనూ ఒక అయస్కాంత క్షేత్రాన్ని తయారు చేస్తుంది, అదీ తనను పుట్టించిన మార్పుకు ఎదురు నిలిచేలా.

ఇప్పుడు స్టవ్ స్థానంలో గురుగ్రహాన్ని ఊహించుకోండి. దాని అయస్కాంత అక్షం, అది తిరిగే అక్షం నుంచి దాదాపు 10 డిగ్రీలు వాలి ఉంటుంది, గ్రహమేమో పది గంటల లోపే ఒక చుట్టు తిరిగేస్తుంది. దాంతో యూరోపా ఉన్నచోట ఆ క్షేత్రం కాసేపు గ్రహం వైపుకి, కాసేపు బయటికి వాలుతూ ఉంటుంది. యూరోపా కూడా కదులుతోంది కాబట్టి ఈ ఊపు ఒకటి పూర్తవడానికి 11 గంటల పైనే పడుతుంది. మంచు మన గాజు గిన్నె లాంటిది. ఉప్పునీళ్ళు స్టీలు గిన్నె.

1990ల చివర్లో గెలీలియో నౌక యూరోపా పక్కనుంచి వెళ్ళినప్పుడు దాని మాగ్నెటోమీటర్‌లో, అంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరంలో, తేడా కనిపించింది. ఆ పరికరాన్ని నడిపింది మార్గరెట్ కివెల్సన్ బృందం. లోపల ఉప్పునీళ్ళు జవాబిస్తున్నాయేమో అనుకోవచ్చు, కానీ యూరోపాకు సొంత అయస్కాంతం ఉన్నా అవే రీడింగులు రావచ్చు కదా. ఇది ఊరికే వచ్చిన అనుమానం కాదు, పక్కనే తిరిగే గనిమీడ్‌కు సొంత క్షేత్రం ఉందని 1996లో ఇదే గెలీలియో బయటపెట్టింది. ఈ చిక్కు విప్పడానికి ఒకటే దారి. సొంత అయస్కాంతమైతే దాని దిశ మారదు, జవాబుగా పుట్టిన క్షేత్రమైతే గురుగ్రహపు క్షేత్రం అటు తిరిగినప్పుడు తనూ తిరగాలి. కాబట్టి గురుగ్రహం ఊపు రెండోవైపున ఉన్న సమయం చూసుకుని వెళ్ళి కొలవాలి. 2000 జనవరి 3న గెలీలియో సరిగ్గా అలాగే వెళ్ళింది. దిశ తిరగబడింది! నాకైతే గ్రహాల పరిశోధనలో ఇంత తేటగా తేలిన కొలత ఇంకోటి గుర్తుకు రాదు.

అయితే దీనితో అన్నీ తేలిపోలేదు. బాగా ఉప్పగా ఉన్న లోతు తక్కువ సముద్రం, ఉప్పు తక్కువున్న లోతైన సముద్రం, రెండూ దాదాపు ఒకేలా జవాబివ్వగలవు. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

శనిగ్రహం దగ్గర ఎన్సెలాడస్ ఉంది, అడ్డంగా కొలిస్తే 500 కిలోమీటర్లే. అక్కడ అయస్కాంతంతో పని పడలేదు, ఫోటోలతోనే సరిపోయింది. కసీని నౌక ఏడేళ్ళకు పైగా తీసిన వందల ఫోటోలలో ఒక్కొక్క గుంట ఎక్కడుందో ఓపిగ్గా గుర్తుపెట్టుకుంటూ పోతే, ఆ ఉపగ్రహం తిరుగుతూ తిరుగుతూ 0.12 డిగ్రీ అటూ ఇటూ ఊగుతోందని 2015లో తేలింది. నేల మీద అది అర కిలోమీటరు మాత్రమే. కానీ మంచు కింది రాయికి అతుక్కుని ఉంటే అంత కూడా ఊగదు. అంటే పైపెంకు మొత్తం నీళ్ళ మీద తేలుతోందన్నమాట. అంతకుముందు గురుత్వాకర్షణ కొలతలు చూసి నీళ్ళు దక్షిణ ధ్రువం దగ్గరే ఉన్నాయేమో అనుకున్నారు, ఈ చిన్న ఊపుతో సముద్రం ఉపగ్రహమంతా ఉందని ఖాయమైంది.

శని చుట్టూనే తిరిగే మరో ఉపగ్రహం టైటన్ కథ ఇంత సాఫీగా లేదు. శని లాగుడుకు దాని ఒళ్ళు 10 మీటర్ల దాకా ఉబ్బుతుందని, గట్టి రాయైతే 1 మీటరే ఉబ్బేదని, కాబట్టి లోపల సముద్రం ఉండాలని 2012లో అన్నారు. అదే కసీని డేటాను మళ్ళీ తిరగేసిన ఒక బృందం, ఆ ఉబ్బు శని లాగిన వెంటనే కాక సుమారు 15 గంటలు ఆలస్యంగా వస్తోందని, లోపల ఉన్నది తేట నీళ్ళ సముద్రం కాదు, చిక్కటి మంచుబురద కావచ్చని 2025లో రాసింది. ఈ వాదన ఇంకా నడుస్తుంది. నాకు ఇందులో నచ్చింది ఏమిటంటే, ఎంత ఉబ్బిందన్న దానికన్నా ఎప్పుడు ఉబ్బిందన్నదే అసలు సంగతి చెబుతోంది.

ఇక ఇందాక వదిలేసిన యూరోపా చిక్కు. 2024 అక్టోబర్ 14న బయల్దేరిన యూరోపా క్లిప్పర్ 2030లో గురుగ్రహం చేరుతుంది, ఆ తర్వాత యూరోపా పక్కనుంచి 49 సార్లు వెళ్తుంది. నౌకలోని సొంత కరెంటు కొలతలు పాడుచెయ్యకుండా దాని మాగ్నెటోమీటర్లను 8.5 మీటర్ల పొడవైన చెయ్యి మీద పెట్టారు. 11 గంటల ఊపుతో పాటు, యూరోపా కక్ష్యలో ఒక చుట్టు తిరిగే 85 గంటల ఊపుకు వచ్చే జవాబునూ అది కొలుస్తుంది. నెమ్మదిగా మారే క్షేత్రం నీళ్ళలో ఇంకా లోతుకి చొచ్చుకుపోతుంది, కాబట్టి రెండు జవాబులనూ పోల్చితే లోతెంతో, ఉప్పెంతో విడదీయవచ్చు. ఆ కొలతల గ్రాఫు బయటికి వచ్చినరోజు ఆ రెండు ఊపులూ విడివిడిగా కనిపిస్తున్నాయా అని ముందు చూడండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.