కడుపుతో ఉన్నప్పుడు జ్వరమొస్తే

శ్రోతలకు నమస్కారం.

శెనక్కాయ చెట్లు పెరికే కాలంలో అనంతపురం పల్లెల్లో కొత్తేమీ కాని సంగతి ఇది. ఐదో నెల గర్భిణికి ఒళ్ళు కాలిపోతుంటుంది. అయినా తలకు గుడ్డ కట్టుకుని చేనికి పోతుంది. అడిగితే, "రెండు దినాలుండి అదే పోతుందిలేక్కా" అంటుంది. ఆ జ్వరం గురించే ఈ మాటలు.

ఒంట్లోకి సూక్ష్మజీవి చొరబడగానే మన రక్షణ కణాలు సైటోకైన్లనే రసాయనాలను రక్తంలోకి వదులుతాయి. జ్వరం, ఒళ్ళు నొప్పులు వాటివల్లే. ఫ్లూ వైరస్ మామూలుగా మాయ దాటి బిడ్డ దాకా పోదు. తల్లి ఒంట్లో జరిగే ఆ పోరాటం ప్రభావం మాత్రం పోతుంది. అప్పుడు బిడ్డ మెదడులో కణాలు పుట్టి, ఎక్కడ ఉండాల్సినవి అక్కడికి చేరుకుంటూ ఉంటాయి. ఆ సమయంలో సైటోకైన్లు ఎక్కువైతే ఆ అమరిక కొంత చెదరవచ్చు. 2016లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో, తల్లిలో ఐఎల్-17ఎ అనే ఒక్క సైటోకైన్‌ను అడ్డుకుంటే పిల్లల మెదడు పొరల్లో ఆ తేడాలు రాలేదు.

మనుషుల విషయంలో ఇంత కచ్చితంగా చెప్పలేం. 1957 నాటి ఫ్లూ సమయంలో ఫిన్లాండ్ దేశంలోని హెల్సింకీలో నాలుగైదారు నెలల కడుపులో ఉన్న పిల్లల్లో, పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఎక్కువగా కనిపించిందని 1988లో ఒక అధ్యయనం చెప్పింది. తర్వాతి అధ్యయనాల్లో కొన్ని దాన్ని బలపరిచాయి, కొన్ని బలపరచలేదు.

ఇంట్లో అత్తలు, భర్తలు ఒక సంగతి వినాలి. జ్వరమొచ్చిన తల్లులకు పుట్టిన బిడ్డల్లో చాలా ఎక్కువ మంది చక్కగానే ఉంటారు. బిడ్డకు మాటలు ఆలస్యమైతే తల్లిని నిలదీయడం శుద్ధ అన్యాయం. కూలికి పోక తప్పని మనిషి జ్వరాన్ని ఓర్చుకుందంటే, ఆ తప్పు ఆమెది కాదు.

జ్వరమొస్తే అదే రోజు ఏఎన్ఎమ్‌కో ఆశా కార్యకర్తకో చెప్పండి, ఆస్పత్రికి పోండి. మెడికల్ షాపులో నాలుగు రకాల బిళ్ళలు కలిపి ఇస్తే మింగొద్దు. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు. మూత్రంలో మంట ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి, అదీ ఇన్ఫెక్షనే. ఫ్లూ టీకా గర్భిణులు వేయించుకోవచ్చు, డాక్టరును అడగండి.

ఒంటి మీద దద్దుర్లతో వచ్చే రుబెల్లా అనే జ్వరం సంగతి వేరు. ఆ వైరస్ నేరుగా బిడ్డనే తాకుతుంది. తల్లికి రుబెల్లా వస్తే పుట్టే బిడ్డ కళ్ళలో శుక్లాలు రావడాన్ని 1941లో ఆస్ట్రేలియా కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్ గుర్తించారు. దీని టీకా గర్భం వచ్చాక వేయరు. అందుకే పెళ్ళి కుదిరిన అమ్మాయిలు ముందే కనుక్కొని వేయించుకోవాలి, ఆ తర్వాత కనీసం నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి.