నోరు తెరిచే తరగతి

(గుంటూరులోని ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి స్పానిష్ విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు విద్యా సంవత్సరం మొదట్లో ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఇందాక గేటు దగ్గర ఒక తండ్రి నన్ను ఆపి, "గుంటూరులో ఉండే పిల్లలకు స్పానిష్ ఎందుకండీ మేడమ్?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఫీజు కట్టేవారు అడగకపోతే ఇంకెవరు అడుగుతారు? అందుకే తరగతి నియమాల కంటే ముందు ఆయనకు జవాబు చెబుతాను.

మార్చి నెలలో మన మిర్చి యార్డు పక్కనుంచి వెళ్తే తుమ్మకుండా ఉండలేం. టిక్కీల కొద్దీ వచ్చి పడే ఆ కాయ మన నేలలో పుట్టినది కాదు. అమెరికా ఖండాల్లో పుట్టి, పోర్చుగీసు వారి ఓడల్లో మన తీరానికి చేరింది. మెక్సికోలోని నాహువాత్ భాషలో దానికి ఉన్న పేరును స్పానిష్ వారు 'చీలె' అని తీసుకున్నారు. ఇంగ్లిషు చిల్లీ ఆ మాట నుంచి వచ్చిందే. 1492లో మసాలా దినుసుల దేశాల కోసం బయలుదేరిన కొలంబస్ అక్కడ ఈ కాయను చూసి, ఇదీ మిరియం లాంటిదేనని అనుకున్నాడు. స్పానిష్‌లో మిరియాన్ని 'పిమియెంతా' అంటారు, ఈ కాయకు 'పిమియెంతో' అన్నారు. మన పెద్దలు చేసింది కూడా అదే కదా! అంతకుముందు తెలిసిన కారం మిరియమే కాబట్టి, కొత్తగా వచ్చిన కాయను మిరపకాయ అన్నారు. ఒకరినొకరు చూడని రెండు జాతులు ఒకే కాయను చూసి ఒకే తీరుగా ఆలోచించాయి. టమాటాను 'తొమాతె' అంటారు, బొప్పాయిని 'పపాయా', పొగాకును 'తబాకో'. మన వంటింట్లో, మన పొలాల్లో ఉన్నవాటి పుట్టిల్లు ఎక్కడో తెలుసుకోవడం గుంటూరు పిల్లలకు అక్కర లేని చదువని నేను అనుకోను.

స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. దాదాపు 50 కోట్ల మందికి అది మాతృభాష. ఉద్యోగాల సంగతి అడిగేవారికి నేను ఏ మాటా ఇవ్వను. ఎనిమిదో తరగతి పిల్లలకు ఉద్యోగం కోసం భాష నేర్పిస్తే ఆ భాషా రాదు, వాళ్ళలో ఉత్సాహమూ మిగలదు.

ఇక నా తరగతి గురించి. నేను పిల్లల నుంచి ముందుగా ఆశించేది ఒక్కటే, నోరు తెరవాలి. తప్పు మాట్లాడితే నా దగ్గర మార్కులు పోవు. మాట్లాడకపోతే పోతాయి.

ఇది ఎంత ముఖ్యమో నాకు ఒక అబ్బాయి నేర్పాడు. కొన్నేళ్ళ క్రితం, వేరే ఊళ్ళో, వేరే బడిలో. మొదటి వారం లేచి నిలబడి ఒక వాక్యం చెప్పాడు. చివరి మాట తప్పు పలికాడు. వెనక బెంచీ వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నాలుగు క్షణాలైనా లేదు. ఆ పిల్లవాడు దసరా సెలవుల దాకా నా తరగతిలో మళ్ళీ నోరు విప్పలేదు. రాత పరీక్షల్లో మార్కులు బాగానే వచ్చేవి. పేరు పెట్టి పిలిస్తే లేచి, పుస్తకం అంచు పట్టుకుని, దాని వైపే చూస్తూ నిలబడేవాడు. ఆ నవ్వును అప్పుడే ఆపి ఉండవలసింది, ఆపలేదు. అందుకే ఇక్కడ హోంవర్క్ మరచిపోయినా, ఆలస్యంగా వచ్చినా సర్దుకుంటాను కానీ, తోటివారి తప్పుకు నవ్వితే సహించను. ఆ రోజే ఇంటికి ఫోను చేస్తాను. పిల్లలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

తలుపు దగ్గర నేను నిలబడి ఉంటాను. ఉదయం పీరియడ్ అయితే 'బ్వెనోస్ దీయాస్', మధ్యాహ్నం అయితే 'బ్వెనాస్ తార్దెస్' చెప్పి లోపలికి రావాలి. రోజుకొకరు బోర్డు మీద తేదీ రాయాలి. వారాల పేర్లు, నెలల పేర్లు స్పానిష్‌లో చిన్న అక్షరంతోనే మొదలవుతాయి. ఇంగ్లిషు అలవాటుతో పెద్ద అక్షరం పెడితే చెరిపి మళ్ళీ రాయిస్తాను. అర్థం కాకపోతే 'నో ఎంతియెందో', నెమ్మదిగా చెప్పమనడానికి 'మాస్ దెస్పాసియో', ఇంకొకసారి అనడానికి 'ఒత్రా బెస్'. బయటికి వెళ్ళాలన్నా స్పానిష్‌లోనే అడగాలి. ఈ నాలుగైదు మాటలు మొదటి వారంలోనే వచ్చేస్తాయి, అవసరం అటువంటిది.

ఆ తర్వాత ఏ సందేహమైనా తెలుగులో అడగవచ్చు. ఇది విని కొందరు ఆశ్చర్యపోతారు. స్పానిష్‌కు ఇంగ్లిషు మీదుగానే దారి ఉందని మనకు ఒక నమ్మకం. తెలుగు మీదుగా ఉన్న దారి దానికంటే దగ్గర. కాస్త వివరంగా చెప్పనివ్వండి, నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది.

'ఆబ్లో' అంటే మాట్లాడతాను. 'ఆబ్లాస్' అంటే మాట్లాడతావు. 'అబ్లామోస్' అంటే మాట్లాడతాం. ఎవరు మాట్లాడుతున్నారో క్రియ చివరే చెబుతుంది, నేను, నువ్వు అని వేరుగా అనవలసిన పని లేదు. మన పిల్లలకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య. 'మె గుస్తా ఎల్ మాంగో' అంటే నాకు మామిడిపండు ఇష్టం. చూశారా, నేను కాదు, నాకు. ఇంగ్లిషులో ఆలోచించే పిల్లలు 'యో గుస్తో' అని రాస్తారు, అది తప్పు. తెలుగులో ఆలోచించిన పిల్లలు ఆ తప్పు చేయరు. తల నొప్పి అయినా అంతే, 'మె దుయెలె లా కబేసా', నాకు తల నొప్పిగా ఉంది.

'ఉండటం' అనే అర్థానికి స్పానిష్‌లో రెండు క్రియలున్నాయి, 'సెర్', 'ఎస్తార్'. ప్రపంచమంతటా ఈ భాష నేర్చుకునేవారిని ఏడిపించే జంట ఇది. మా నాన్న రైతు అంటాం, అక్కడ క్రియే లేదు. అది సెర్. మా నాన్న పొలంలో ఉన్నారు అంటాం, అది ఎస్తార్. అమ్మ నీరసంగా ఉంది, ఎస్తార్. అన్నిచోట్లా ఈ కొలత పనికిరాదు. అన్నయ్య పొడవుగా ఉన్నాడు అనేది మనకు 'ఉన్నాడు' అయినా వాళ్ళకు సెర్, ఎందుకంటే పొడుగు రేపటికి తగ్గేది కాదు. అటువంటివి వచ్చినప్పుడు విడిగా చెబుతాను. సగం దూరం మాత్రం తెలుగే చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది.

ఉచ్చారణ సంగతి ఇంకా బాగుంటుంది. స్పానిష్‌లో అచ్చులు అయిదే, అ, ఎ, ఇ, ఒ, ఉ. ఎక్కడ కనబడినా అదే ధ్వని. 'త' అంటే మన 'త', 'ద' అంటే మన 'ద'. కానీ మన పిల్లలు ఇంగ్లిషు అలవాటు వల్ల మాడ్రిడ్ అంటారు. మద్రిద్ అనాలి. నోట్లో ఉన్న దంత్యాలను వదిలేసి ట, డ అరువు తెచ్చుకోవడం ఎందుకు? అందుకే నోటుపుస్తకంలో మాట పక్కన ఉచ్చారణ తెలుగు లిపిలో రాసుకోమంటాను, ఇంగ్లిషు లిపిలో వద్దంటాను. మన అక్షరమాలలో 'ఞ' అని ఒకటుంది. బడిలో చేరిన రోజు దిద్దాక మళ్ళీ ఎప్పుడో జ్ఞానం రాసేటప్పుడు తప్ప కనబడదు. స్పానిష్‌లో దానికి చేతి నిండా పని. 'మఞానా' అంటే రేపు, 'నీఞో' అంటే పిల్లవాడు. వాళ్ళు 'న' అక్షరం మీద చిన్న అల గీత పెడితే అదే మన ఞ. ఆ గీత మరచిపోతే మాట మారిపోతుంది. 'కంపానా' అంటే గంట, 'కంపాఞా' అంటే ప్రచారం.

మన బండి ఱ గుర్తుందా? తాతయ్యల కాలపు పుస్తకాల్లో గుఱ్ఱం, కఱ్ఱ అని రాసేవారు. ఆ అక్షరం ఇప్పుడు వాడుకలోంచి పోయింది కానీ, గట్టి ధ్వని మన నోట్లో అలాగే ఉంది. కర అంటే చేయి, కర్ర అంటే కర్ర, మనం ఎన్నడూ కలిపేయం. స్పానిష్‌లో 'కారో' అంటే ఖరీదైనది, 'కార్రో' అంటే బండి. మనం ఆ అక్షరాన్ని బండి ఱ అన్నాం, స్పెయిన్ వారు ఆ ధ్వనిని బండి పేరులోనే పెట్టుకున్నారు. ఇది కాకతాళీయమే, అయినా ఈ మాట చెప్పిన రోజు ఏ పిల్లవాడూ ఆ ధ్వనిని మరచిపోడు.

తెలుగు సాయం చేయని చోటు ఒకటుంది, లింగం. వాళ్ళకు పుస్తకం పుంలింగం, బల్ల స్త్రీలింగం. 'మానో' అంటే చెయ్యి, 'ఓ'తో ముగిసినా స్త్రీలింగం. 'ప్రొబ్లేమా' చివర 'ఆ' ఉన్నా పుంలింగం. ఎందుకని అడగవద్దు. హిందీలో రోటీ స్త్రీలింగం, పానీ పుంలింగం అని నేర్చుకున్నవారే మీరు. అందుకని ఏ నామవాచకాన్నీ ఒంటరిగా రాయకూడదు. దాని ముందు 'ఎల్' లేదా 'లా' ఉండాలి. ఎల్ ఉన్నవి నీలం సిరాతో, లా ఉన్నవి ఎర్ర సిరాతో. 200 పేజీల నోటుపుస్తకం ఒకటి, రెండు పెన్నులు. కొనవలసినవి ఇంతే.

నన్ను 'ప్రొఫెసోరా' అని పిలవండి. నాతో మాట్లాడేటప్పుడు 'ఉస్తెద్', అంటే మీరు. తోటివారితో 'తూ', అంటే నువ్వు. స్పెయిన్‌లో చాలాచోట్ల పిల్లలు టీచరును కూడా తూ అంటారు. మన తరగతిలో ఉస్తెదే. రెంటికీ క్రియ రూపం మారుతుంది కాబట్టి, రెండూ రోజూ వాడితేనే అలవాటవుతాయి.

బడికి రాని రోజు ఏం జరిగిందో తెలుసుకునే బాధ్యత విద్యార్థిదే. ప్రతి ఒక్కరికీ ఒక జత ఉంటారు. మీరు రాకపోతే మీ కాగితాలు వారు తీసి ఉంచుతారు, వారు రాకపోతే మీరు.

ఫోనులో అనువాదం సంగతి తల్లిదండ్రులు కూడా వినాలి. నిరుడు అమ్మమ్మ గురించి పది వాక్యాలు రాయమన్నాను. ఒక అమ్మాయి తెచ్చిన కాగితంలో ఒక్క తప్పు లేదు. మూడో వాక్యంలోని ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటమ్మా అని అడిగితే, ఆ పిల్ల కాగితం వైపు, నా వైపు చూసింది. నేను తిట్టలేదు. మీ అమ్మమ్మ ఆవకాయ పెడుతుందా, అది రాయి, ఫోను లేకుండా అన్నాను. మర్నాడు తెచ్చింది. 'మి అబ్వెలా పోనె మాంగో ఎన్ సాల్, ఎన్ చీలె, ఎన్ అసెయితె.' మా అమ్మమ్మ మామిడికాయను ఉప్పులో, కారంలో, నూనెలో వేస్తుంది. కాగితం మొత్తం మీద ఎనిమిది తప్పులున్నాయి, ఆవపిండికి మాట తెలియక అక్కడ ఖాళీ వదిలి చిన్న గిన్నె బొమ్మ వేసింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. నిఘంటువు చూడవచ్చు, నన్ను అడగవచ్చు, బొమ్మ వేయవచ్చు. వాక్యం మాత్రం పిల్లలదే కావాలి. ఫోను రాసిన వాక్యానికి సున్నా వేసి, మళ్ళీ రాయడానికి ఒక రోజు ఇస్తాను.

మార్కుల గురించి క్లుప్తంగా. వందలో 40 మాట్లాడటానికి, 20 వినడానికి, 20 రాయడానికి, 10 నోటుపుస్తకానికి, 10 శుక్రవారం చిన్న పరీక్షలకు. మాట్లాడటానికి అంత ఎందుకని అడుగుతారు. 'దెలె' అని స్పానిష్ అర్హత పరీక్ష ఉంది. స్పెయిన్ ప్రభుత్వం 1991లో స్థాపించిన సెర్వాంతెస్ సంస్థ దానిని నిర్వహిస్తుంది, ఆ సంస్థ కేంద్రం ఒకటి న్యూఢిల్లీలో ఉంది. 11 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు ప్రత్యేకంగా ఒక పరీక్ష పెడతారు. మొదటి స్థాయిలో చదవడం, రాయడం కలిపి 50 మార్కులు, వినడం, మాట్లాడటం కలిపి 50. ఒక్కో భాగంలో విడివిడిగా 30 తెచ్చుకోవాలి. రాతలో 50కి 50 వచ్చినా, రెండో భాగంలో 29 వస్తే తప్పినట్టే. అయితే ఈ ఏడాది ఆ పరీక్ష మాట ఎత్తవద్దు. వచ్చే ఏడాది, పిల్లలే అడిగితే చూద్దాం.

ఇంట్లో మీరు చేయవలసింది కొంచెమే, చేయకూడనిది ఒకటుంది. చుట్టాలు వచ్చినప్పుడు బిడ్డను ముందుకు నెట్టి, "ఏదీ, స్పానిష్‌లో ఒక ముక్క మాట్లాడు, మామయ్య వింటారు" అనకండి. దయచేసి అనకండి. తరగతిలో నెలరోజులు కష్టపడి నేను పోగొట్టిన భయం ఆ ఒక్క సాయంత్రంతో తిరిగి వచ్చేస్తుంది. దానికి బదులు రాత్రి అన్నాలప్పుడు మీరే ఒక మాట నేర్పమని అడగండి. ఉప్పును ఏమంటారు, పెరుగును ఏమంటారు అని. మీరు తప్పు పలకండి, వాళ్ళు దిద్దుతారు. అమ్మ తప్పు మాట్లాడి, దిద్దించుకుని, మళ్ళీ అనడం కళ్ళారా చూసిన పిల్లలు నా తరగతిలో ఎలా మాట్లాడతారో నాకు తెలుసు. రోజూ పావుగంట చదివితే చాలు. ఆదివారం మూడు గంటలు కూర్చోబెట్టడం వద్దు.

సోమవారం మూడో పీరియడ్‌లో మొదలుపెడదాం. హాజరు పిలిచినప్పుడు 'ప్రెసెంతె' అనాలి, చివర మన 'తె', 'టె' కాదు. ఇప్పుడే ఒకసారి అనుకుందామా? పిల్లలు మాత్రమే కాదు, వెనక వరుసలో ఉన్న నాన్నలు కూడా. గేటు దగ్గర ప్రశ్న అడిగిన మీరు కూడా అండీ. నేను మీ బిడ్డ పేరు పిలుస్తాను, ముందు తను, తర్వాత మీరు.